ఫైటర్ చేపకు పదిహేను వందల్లో ఇల్లు

ప్రశ్న: నేను హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. సుబేదారిలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి అద్దె గదిలో ఉంటున్నాను. ఇరవై రోజుల క్రితం ఒక నీలిరంగు ఫైటర్ చేపను, దానితో పాటు గుండ్రటి గాజు గిన్నెను కొన్నాను. ఈ చేపకు గిన్నె చాలని, వారానికి ఒకసారి నీళ్లన్నీ పారబోసి గిన్నెను శుభ్రంగా కడిగితే సరిపోతుందని దుకాణంలో చెప్పారు. అలాగే చేస్తున్నాను. అయినా మూడో రోజుకే నీళ్లు తెల్లబడి వాసన వస్తున్నాయి. చేప రెక్కలు ముడుచుకొని అడుగున పడి ఉంటోంది, మేత సరిగా తినడం లేదు. దానికి మంచి తొట్టి ఏర్పాటు చేయాలని ఉంది కాని నా దగ్గర 1,500 రూపాయలకు మించి లేవు. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, మిగతా వాడకానికి బోరు నీళ్లున్నాయి. పండుగలకు పది రోజులు మా ఊరు మహబూబాబాద్ వెళ్తుంటాను. ఏం కొనాలో, ఏం కొనకూడదో చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ దగ్గరున్న డబ్బు సరిపోతుంది. అయితే అందులో ఎక్కువ భాగాన్ని నీళ్లు ఎక్కువ పట్టే తొట్టి మీదనే పెట్టాలి. రంగురాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, బుడగలు వదిలే బొమ్మల మీద ఒక్క రూపాయి కూడా పెట్టకూడదు. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే చేపకు పట్టిన జబ్బు కంటే ఆ గిన్నే పెద్ద జబ్బు. కాబట్టి మందుల కోసం తిరగకముందు ఇల్లు మార్చండి.

మనం ఫైటర్ అని పిలిచే ఈ చేప బెట్టా జాతికి చెందినది. శాస్త్రవేత్తలు బెట్టా స్ప్లెండెన్స్ అంటారు; 1910లో రీగన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఈ పేరు పెట్టాడు. దీని పుట్టిల్లు థాయ్‌లాండ్, అక్కడి ప్రభుత్వం 2019లో దీన్ని జాతీయ జలచరంగా ప్రకటించింది. అక్కడ ఇది వరి మళ్లలో, నిదానంగా పారే కాలువల్లో, మొక్కలు దట్టంగా పెరిగిన చెలమల్లో బతుకుతుంది. ‘అది బురద గుంటలో బతికే చేపే కదా, గిన్నె చాలదా’ అనే మాట ఇక్కడినుంచే పుట్టింది. వర్ధన్నపేట దారిలో నాట్లు వేసిన మళ్లను ఒకసారి గుర్తు చేసుకోండి. నీళ్ల లోతు జానెడుకు మించదు కాని, ఆ నీళ్లు ఎకరాల కొద్దీ పరచుకొని ఉంటాయి; చేప వదిలిన మలినం అందులో ఏమూలకో కొట్టుకుపోతుంది. మీ గిన్నెలో ఉన్న రెండు మూడు లీటర్లకు ఆ మడితో పోలికే లేదు.

గిన్నెలోనూ ఇన్నాళ్లు బతికి ఉండటానికి కారణం వేరే ఉంది. మన రాష్ట్ర చేప కొర్రమీను చెరువులోనుంచి తీశాక కూడా తడి గంపలో గంటల తరబడి ప్రాణంతో ఉండటం మీరు అంగట్లో చూసే ఉంటారు. అది నీటిపైకి వచ్చి గాలి పీల్చగలదు. బెట్టాకు కూడా మొప్పల పైన అలాంటి ఒక అవయవం ఉంది, నీటిలో ఆక్సిజన్ తగ్గినా పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగుతుంది. ఊపిరి ఆడుతుంది కనుక చావదు. కాని తన మలినంలోనే తాను మునిగి ఉంటుంది. చావకపోవడాన్ని బాగుండటంగా పొరబడటం వల్లనే ఈ చేపను కప్పుల్లో, సీసాల్లో అమ్మే అలవాటు నిలిచిపోయింది.

ఇప్పుడు నీళ్లు ఎందుకు తెల్లబడుతున్నాయో చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నలో అసలు కీలకం ఇదే. చేప మొప్పలనుంచి, విసర్జన నుంచి, తినకుండా మిగిలిన మేత కుళ్లడం వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది మొప్పలను కాల్చినట్టు దెబ్బతీస్తుంది. కాలక్రమంలో తొట్టి గోడల మీద, ఇసుక మీద, అన్నిటికంటే ఎక్కువగా ఫిల్టరు స్పాంజిలో కొన్ని మేలుచేసే సూక్ష్మజీవులు స్థిరపడతాయి. కొన్ని అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్ మాత్రం కొద్ది మోతాదులో ఉంటే చేపకు హాని లేదు, వారం వారం కొంత నీరు మారిస్తే అది పోతుంది. ఈ సూక్ష్మజీవుల కాపురం కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు వారం వారం గిన్నెను తోమి కడుగుతున్నారు కాబట్టి అవి ప్రతి ఆదివారం మళ్లీ మొదటికి వస్తున్నాయి. శుభ్రత పేరుతో మీరు చేస్తున్నది, పాలు తోడుకోకముందే గిన్నెను కడిగేయడం వంటిది.

ఇందులో మన ప్రాంతానికి ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం ఒకటి ఉంది. అమ్మోనియా విషతీవ్రత నీటి క్షారగుణంతో, వేడితో పెరుగుతుంది. 25 డిగ్రీల వేడి ఉన్న నీటిలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాలను చెప్పే కొలత) 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం కంటే తక్కువ. అదే పీహెచ్ 8 ఉంటే ఐదు శాతం దాటుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల కఠినంగా, క్షారం వైపు ఉంటాయి, ఎండలు సరేసరి. బకెట్ల అంచున తెల్లని పెచ్చులు కడుతున్నాయంటే మీ బోరూ ఆ కోవలోనిదే. అందువల్ల ‘మా బంధువుల ఇంట్లో గిన్నెలోనే ఏడాది బతికింది’ అని ఎవరైనా అన్నా, వారి నీళ్లు వేరు, మీ నీళ్లు వేరు.

ఇక కొనుగోలు సంగతి. అద్దాలు కోసి ఇచ్చే దుకాణానికి వెళ్లి 15 అంగుళాల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తు గల పెట్టెను 4 మిల్లీమీటర్ల గాజుతో కట్టించుకోండి. నిండా పోస్తే ఇందులో 24 లీటర్లు పడతాయి. పైన రెండు అంగుళాలు ఖాళీ వదిలితే 19 లీటర్ల పైచిలుకు నీళ్లుంటాయి. ఆ ఖాళీ వదలడం తప్పనిసరి, చేప పైకి వచ్చి గాలి పీల్చేది అక్కడే. ఆకర్షణీయమైన కొలతల కోసం ఎత్తైన పెట్టెను అడగకండి. బారెడు తోకను మోసుకుంటూ గాలికోసం మాటిమాటికీ పైకి ఈదవలసిన చేపకు ఎత్తు కంటే పొడవు మేలు. అతికించేటప్పుడు బూజు పట్టకుండా మందు కలిపిన స్నానాల గదుల సిలికాన్ వాడవద్దని, అక్వేరియంకు పనికివచ్చే సాదా సిలికానే వాడమని గట్టిగా చెప్పండి. రెండు రోజులు ఆరాక నీళ్లు నింపి, ఒక పగలు ఒక రాత్రి గచ్చు మీద పాత పేపరు పరిచి దానిపై ఉంచితే, కారుతోందో లేదో పేపరే చెబుతుంది.

అలాంటి పెట్టెకు బేరాన్ని బట్టి 600 నుంచి 750 రూపాయలు కావచ్చు. అది కూడా భారమనుకుంటే సామాను దాచుకునే పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, పాతిక లీటర్లది, దాదాపు సగం ధరకే దొరుకుతుంది. చూడటానికి అంత అందంగా ఉండదు, పక్కలు కొద్దిగా ఉబ్బుతాయి. చేపకు మాత్రం రెండూ ఒకటే. నేనైతే మొహమాటపడకుండా డబ్బానే కొని, మిగిలిన డబ్బును చలికాలపు హీటరుకు దాచుకుంటాను.

తర్వాత కొనవలసింది స్పాంజి ఫిల్టరు, దాన్ని నడిపే చిన్న ఎయిర్ పంపు. రెండూ కలిపి 400 రూపాయల లోపే రావాలి. నీటిని ఉరవడిగా తోసే మోటారు ఫిల్టర్లు ఈ చేపకు పనికిరావు, పొడవాటి రెక్కలతో ఆ ప్రవాహానికి ఎదురీది అలసిపోతుంది. స్పాంజి నుంచి వచ్చే బుడగలు కూడా ఎక్కువనిపిస్తే గొట్టానికి ప్లాస్టిక్ తిప్పుడు బిళ్ల పెట్టి తగ్గించుకోవచ్చు. పంపును తొట్టిలోని నీటి మట్టం కంటే ఎత్తులో ఉంచండి, లేదంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం వెంట వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడినుంచి ప్లగ్గులోకి చేరతాయి. కరెంటు పోయినంత మాత్రాన ఈ చేపకు ఊపిరాడదని భయపడనక్కరలేదు, ఆ విషయంలో కొర్రమీను బంధువే.

మిగిలిన డబ్బుతో క్లోరిన్ విరుగుడు సీసా ఒకటి, చిన్న థర్మామీటరు, బెట్టా గుళికల మేత తీసుకోండి. అడుగున పరచడానికి రంగురాళ్లకు బదులు ఇల్లు కట్టేచోట దొరికే ఇసుకను జల్లించి, నీరు తేటగా వచ్చేదాకా కడిగి వేయవచ్చు. కడగకముందు పిడికెడు ఇసుక మీద నాలుగు నిమ్మరసం చుక్కలు పిండి చూడండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టు, అది నీటిని ఇంకా క్షారంగా మారుస్తుంది. దాక్కోవడానికి పగిలిన మట్టి కుండీ ముక్కను బోర్లించండి, అంచులను మాత్రం బండ మీద అరగదీయండి. ఏ వస్తువునైనా తొట్టిలో పెట్టేముందు పాత షిఫాన్ చున్నీని దానిమీద రుద్దండి. చున్నీ దారాలు ఎక్కడ చిక్కుకుంటే చేప రెక్క కూడా అక్కడే చిరుగుతుంది.

మొక్కల విషయంలో అసలు ఖర్చే అక్కరలేదు. ఇంటి ఓనరు గారి వరండాలో మనీ ప్లాంట్ ఉంటే రెండు తీగలు అడిగి తెచ్చుకొని, వేర్లు మాత్రం నీటిలో మునిగి ఆకులు బయట ఉండేటట్టు తొట్టి అంచుకు కట్టండి. నైట్రేట్‌ను అది లాగేసుకుంటుంది. వడ్డేపల్లి చెరువులోనుంచో మరోచోటినుంచో నాచు తెచ్చి వేయవద్దు, దానితో పాటు జలగలు, నత్తగుడ్లు, తూనీగ పిల్లపురుగులు వస్తాయి. మరో ఉచిత వస్తువు బాదం ఆకు. మన వీధుల్లో గొడుగులా పరచుకొని ఉండే నాటు బాదం చెట్టు కింద ఎర్రగా పండి, దానంతట అది రాలి, బాగా ఎండిన ఆకును ఏరి తెచ్చుకొని కడిగి ఒకటి వేస్తే నీళ్లు పలుచని టీ రంగుకు వస్తాయి. ఆ కషాయం లాంటి నీరు చేపకు హితవుగా ఉంటుంది, బూజు తెగుళ్లను కొంత అదుపు చేస్తుంది. మూడు వారాలకు ఆకు చీకిపోతుంది, అప్పుడు తీసి కొత్తది వేయాలి. దుకాణాల్లో ఇదే ఆకును ప్యాకెట్లలో అమ్ముతున్నారు. చెట్టు కింద పచ్చి ఆకు, మందు కొట్టిన చెట్టు ఆకు మాత్రం తేవద్దు.

నీళ్లు ఏవి పోయాలంటే, మీకున్న వాటిలో నల్లా నీళ్లే మెరుగు, కాని అందులో క్లోరిన్ ఉంటుంది. నల్లా వచ్చిన రోజు ఒక బకెట్ నింపి, మూత పెట్టకుండా మరుసటి రోజు దాకా ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది, ధైర్యం కోసం విరుగుడు చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో వేయండి. తాగడానికి తెచ్చుకునే ఆర్‌ఓ క్యాన్ నీళ్లను నేరుగా వాడవద్దు, వాటిలో ఖనిజాలు దాదాపుగా ఉండవు. రోజుకో రకం నీళ్లు మార్చడం అన్నిటికంటే హానికరం. చేప కఠినమైన నీటికైనా అలవాటు పడుతుంది కాని ఊగిసలాటకు అలవాటు పడదు.

మొదటి ఆరు వారాలు కాస్త ఓపిక పట్టాలి. తొట్టి సిద్ధమయ్యాక చేపను చిన్న కప్పులో దాని నీటితోనే ఉంచి ఆ కప్పును తొట్టిలో పావుగంట తేలనివ్వండి, ఆపైన తొట్టి నీటిని కొద్దికొద్దిగా కప్పులో కలుపుతూ మరో పావుగంట గడిపి, పాత నీరు పడకుండా చేపను మాత్రమే వదలండి. ఆ తరువాత రోజు విడిచి రోజు ఐదు లీటర్లు తీసి, నిలవ ఉంచిన ఐదు లీటర్లు పోయాలి. నల్లా వచ్చే రోజు బకెట్ నింపడం, రాని రోజు చేపకు మార్చడం అని పెట్టుకుంటే మీ వాడకంతోనే కలిసిపోతుంది. పరిచయస్తుల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే వారి ఫిల్టరు స్పాంజిని మీ తొట్టి నీటిలో పిండించుకోండి. మురికిగా కనిపించే ఆ నీరే తోడు, దానివల్ల ఆరు వారాల పని సగానికి తగ్గవచ్చు. ఆపైన వారానికి ఒకసారి పావు వంతు మారిస్తే చాలు. స్పాంజి మూసుకుపోయినప్పుడు దాన్ని తొట్టినుంచి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండాలి. నేను చేపలు పెంచడం మొదలుపెట్టిన ఏడాది స్పాంజిని నల్లా కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా ఉతికాను. మూడో రోజుకు తొట్టిలో ఒక్క చేపా మిగలలేదు. కారణం అర్థం కావడానికి నాకు మరో ఏడాది పట్టింది.

ఈ చేపకు 24 నుంచి 28 డిగ్రీల నీరు హితం. మనకు ఏడాదిలో ఎక్కువ నెలలు హీటరు అవసరమే రాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం చలి బాగా పెరిగి, బయటి గోడకు ఆనించిన తొట్టి తెల్లవారేసరికి చల్లబడుతుంది. చేప కదలకుండా ఉండటానికి, తినకపోవడానికి అదీ ఒక కారణమవుతుంది. తొట్టిని లోపలి గోడ వైపు జరిపి, కింద, మూడు పక్కలా థర్మోకోల్ అట్టలు పెడితే చాలా తేడా ఉంటుంది. కార్తీకం నాటికి డబ్బు కుదిరితే, వేడి తగినంత కాగానే దానంతట ఆగే 25 వాట్ల హీటరు కొనండి. రాత్రి పది గంటలు నడిచినా పావు యూనిట్ కరెంటే కాలుతుంది. నీళ్లు మార్చే ముందు ప్లగ్గు తీయడం మరచిపోతే గాజు పగలడమే కాక మీకూ ప్రమాదం.

వేసవి దీనికి తిరగబడుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పైఅంతస్తు గదిలో నీరు 32 డిగ్రీలు దాటవచ్చు. అప్పుడు మూత తీసి దోమతెర గుడ్డ కట్టి, టేబుల్ ఫ్యాను గాలి నీటిపై తగిలేటట్టు పెట్టండి. ఆవిరి లేచి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, తగ్గిన నీటిని నిలవ నీటితో నింపుకోవాలి. ఐసు ముక్కలు మాత్రం వేయవద్దు. గుడ్డ ఎందుకంటే ఈ చేప ఎగిరి దూకుతుంది, చాలామంది ఇళ్లలో దాని చివరి మజిలీ నేల మీదే.

మేత విషయంలో పిసినారితనమే ధర్మం. దాని పొట్ట దాని కంటి గుడ్డంత ఉంటుందని అనుకొని పొద్దున రెండు, సాయంత్రం రెండు గుళికలు వేయండి, వారంలో ఒక రోజు అసలు వేయకండి. అన్నం మెతుకులు, బ్రెడ్డు, మురమురాలు వద్దు, ఇది పురుగులు తినే చేప. కూలరు నీటిలో దోమ పిల్లలు కనిపిస్తే వడగట్టి నాలుగు వేస్తే పండుగ చేసుకుంటుంది. మీరు ఊరికి వెళ్లినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప వారం రోజులు తినకుండా ఉండగలదు. బయలుదేరే ముందు రోజు పావు వంతు నీరు మార్చి వెళ్లండి. పది రోజులైతే ఓనరు అక్కకు రెండేసి గుళికలు కట్టిన మూడు కాగితపు పొట్లాలు ఇచ్చి, మూడు రోజులకొకటి వేయమనండి. డబ్బా మాత్రం ఆమె చేతికి ఇవ్వకండి. పాపం, ఆకలేస్తుందేమోనని ప్రేమతో గుప్పెడు వేసేవారే ఎక్కువ, ఆ మేత కుళ్లితే మీరు తిరిగి వచ్చేసరికి మళ్లీ గిన్నె కథే.

కొన్నాళ్లకు నీటి పైన నురగ గూడులాంటిది కనిపిస్తే భయపడకండి, మగ చేప గుడ్ల కోసం కట్టుకునే బుడగల గూడు అది. రెక్కలు విచ్చుకోవడం, మిమ్మల్ని చూసి అద్దం దగ్గరికి రావడం కనిపిస్తే కోలుకుంటున్నట్టే. ఇల్లు మారిన రెండు వారాలకు కూడా ముడుచుకొనే ఉంటే, దూది పింజల్లాంటి తెల్లని మచ్చలుంటే అప్పుడు మందు సంగతి మాకు మళ్లీ రాయండి.

ప్రశ్న: మా ఇంటి వాకిట్లో పాత మట్టి గోళెం ఖాళీగా ఉంది. నలభై లీటర్ల దాకా పడుతుంది. అందులో ఫైటర్ చేపను వదలవచ్చునా? దోమలు కూడా తగ్గుతాయని మా ఆలోచన.
— ఒక పాఠకుడు, జనగామ

జవాబు: నీళ్ల పరిమాణం చూస్తే గాజు తొట్టి కంటే మీ గోళెమే గొప్ప ఇల్లు. మట్టిది కనుక గోడలు చెమర్చి వేసవిలో చల్లగా ఉంటుంది. ఎండ పొద్దున గంటసేపు తప్ప పడని చోటికి జరపండి, పైన సన్నని జాలీ బిగించండి. పిల్లులు, కాకులు, వానలకు నీరు పొర్లితే చేప కొట్టుకుపోవడం అనే మూడు గండాలూ దానితో తీరతాయి. పాత గోళెంలో ఎప్పుడైనా సున్నం తడిపి ఉంటే దాన్ని వాడకండి. సిమెంటు తొట్టి అయితే రెండు మూడు వారాలు నీళ్లు నింపి పారబోస్తూ సున్నపు గుణం పోగొట్టాలి. చలి నెలల్లో చేపను ఇంట్లోకి తేవాల్సిందే. దోమ పిల్లలను ఇది తింటుంది కాని, గోళెంలో పుట్టిన వాటినే తింటుంది, వాకిలంతా దోమలు తగ్గవు. పెంచడం కష్టమనిపించినా చెరువులో, బావిలో వదలవద్దు, ఇది మన నీళ్లలో పుట్టిన చేప కాదు. పెంచుకునేవారికి ఇవ్వండి.

ప్రశ్న: ఒకే తొట్టిలో రెండు ఫైటర్ చేపలను పెంచవచ్చా? మా పిల్లలు చేపకు అద్దం చూపించి రెక్కలు విప్పిస్తున్నారు, దానివల్ల హాని ఉందా?
— ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: రెండు మగ చేపలను వద్దేవద్దు, ఒకటి మరొకదాన్ని చంపేదాకా ఊరుకోవు. మగ, ఆడ చేపలనూ కలిపి ఉంచకూడదు. మధ్యలో గాజు పలక పెట్టినా పగలంతా ఒకదాన్నొకటి చూసుకుంటూ అలసిపోతాయి, అడ్డు పెట్టదలిస్తే అవతల కనిపించని పలక పెట్టాలి. అద్దం రోజుకు ఒకటి రెండు నిమిషాలు చూపిస్తే ఫరవాలేదు, చేపకు కాస్త వ్యాయామమే. పిల్లలు బడికి వెళ్లేటప్పుడు ఆ అద్దాన్ని తొట్టి పక్కన ఆనించి మరచిపోకుండా చూసుకోండి.